మూర్ (ఇంటిపేరు)

మూర్ ఐర్లండు, ఇంగ్లండు దేశాలలో విస్తృతంగా కనిపించే ఇంటిపేరు. ఒకే విధంగా వ్రాయబడినప్పటికీ ఈ పేరుకు మూలం ఒకటి కాదు. ఇంగ్లండులోని మూర్‌లకు, ఐర్లండులోని మూర్‌లకు చాలా సందర్భాలలో రక్తసంబంధం లేదు. రెండు వేరు వేరు భాషలలో పుట్టిన పేర్లు కాలక్రమంలో ఒకే రూపాన్ని పొందాయి. 1890 నాటి జనన నమోదుల ఆధారంగా రాబర్ట్ మాథెసన్ రూపొందించిన పట్టికలో ఇది ఐర్లండులోని మొదటి ఇరవై ఇంటిపేర్లలో ఒకటి.

ఆంగ్ల మూలం

ప్రాచీన ఆంగ్లంలో "మోర్" అనగా చిత్తడి నేల లేదా సాగుకు పనికిరాని బీడు. అటువంటి నేల చెంత నివసించేవారికి ఈ పేరు వచ్చింది. మధ్యయుగపు పత్రాలలో "అట్టె మోర్", "డి లా మోర్" వంటి రూపాలు కనిపిస్తాయి. ఇవి కాక మరి రెండు మూలాలు కూడా ఉన్నాయి. మొదటిది, లాటిన్ వ్యక్తినామమైన "మౌరుస్". రెండవది, ఉత్తర ఆఫ్రికా వాసులకు వాడే "మూర్" అనే మాట. నల్లని ఛాయ గలవారిని ఈ మాటతో పిలువగా అదే ఇంటిపేరుగా స్థిరపడింది. స్కాట్లండులో ఈ పేరు "మ్యూర్" అనే రూపంలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఐరిష్ మూలం

ఐరిష్ భాషలో దీని రూపం "ఓ మోర్ధా". ఉచ్చారణ "ఓ మోరా"కు దగ్గరగా ఉంటుంది. "ఓ" అనగా మనుమడు లేదా వంశీకుడు. "మోర్ధా" అనగా గంభీరుడు, ఘనుడు. కనుక ఓ మోర్ధా అనగా మోర్ధా వంశీకుడు అని అర్థం. ఈ మోర్ధా పురాణవీరుడైన కొనాల్ కెర్నాచ్ సంతతివాడని సంప్రదాయ వంశావళులు చెబుతాయి. మధ్య ఐర్లండులోని లీష్ ప్రాంతంలో "ఏడు వంశాలు" ప్రసిద్ధమైనవి. వాటికి ఓ మోర్ధాలు నాయకులు. 14వ శతాబ్దంలో డనమేస్ కొండకోట వీరి వశమయ్యింది.

భూమి కోల్పోయిన వంశం

1556లో, మేరీ రాణి పాలనలో, లీష్ ప్రాంతాన్ని "క్వీన్స్ కౌంటీ"గా మార్చి అక్కడి భూములను ఆంగ్లేయులకు పంచడానికి చట్టం చేశారు. ఓ మోర్ధాలు దీనిని అర్ధ శతాబ్దం పాటు ప్రతిఘటించారు. 1577-78 ప్రాంతంలో కిల్డేర్ కౌంటీలోని ముల్లాగ్‌మాస్ట్ వద్దకు చర్చల పేరుతో పిలిపించబడిన లీష్ ప్రముఖులు ఊచకోతకు గురి అయ్యారు. తిరుగుబాటు నాయకుడు రూరీ ఓగ్ ఓ మోర్ 1578లో చంపబడ్డాడు. అతని కుమారుడు ఓనీ 1600లో యుద్ధంలో మరణించాడు. ఆ తరువాత 1607-1609 మధ్య మిగిలిన కుటుంబాలలో చాలావాటిని దూరాన ఉన్న కెర్రీ కౌంటీకి తరలించారు. అయినా కొందరు తిరిగి లీష్ చేరుకున్నారు. 1641 తిరుగుబాటుకు పథకం వేసినవారిలో ఒకడైన రూరీ ఓ మోర్ ఈ వంశస్థుడే. 1690లో లిమరిక్ నగరాన్ని కాపాడిన పాట్రిక్ సార్స్‌ఫీల్డ్ ఇతని కుమార్తె కొడుకు.

ఆంగ్ల పాలన బలపడిన కొద్దీ చాలా ఐరిష్ కుటుంబాలు పేరు ముందున్న "ఓ"ను వదలివేశాయి. ఓ మోర్ధా "ఓ మోర్"గానూ, పిమ్మట "మూర్"గానూ మారింది. ఈ మార్పుతో పేరుకున్న అర్థం మరుగునపడింది. "ఘనుని వంశం" అనే పేరు వినేవారికి "బీడు నేల"గా మిగిలింది.

ఐర్లండులో ఆంగ్ల మూర్‌లు

అదే కాలంలో ఇంగ్లండు నుండి మరికొందరు మూర్‌లు ఐర్లండులో స్థిరపడ్డారు. కెంట్ ప్రాంతానికి చెందిన ఎడ్వర్డ్ మూర్ కుటుంబం మెల్లిఫాంట్ మఠాన్ని, దాని భూములను పొందింది. ఐరిష్ నాయకుడు హ్యూ ఓ నీల్ 1603లో లొంగిపోయినది ఇక్కడే. ఈ కుటుంబం వారు తరువాత ద్రోగెడా ఎర్ల్‌లు అయ్యారు. డబ్లిన్ నగరంలోని మూర్ వీధికి ఆ పేరు వచ్చినది వీరి నుండే. 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకులు లొంగిపోవడానికి ముందు చివరిగా తలదాచుకున్నది ఈ వీధిలోని ఇళ్ళలోనే.

అయితే ఆంగ్ల మూలం ఉన్నవారందరూ ప్రభుత్వ పక్షాన నిలిచారని భావించరాదు. మేయో కౌంటీలోని మూర్ హాల్ కుటుంబం పూర్వీకులు ఇంగ్లండు నుండి వచ్చినవారే. కాని ఆ ఇంటి జాన్ మూర్ 1798 తిరుగుబాటులో కొనాట్ గణతంత్రానికి అధ్యక్షుడయ్యాడు. నవలా రచయిత జార్జి మూర్‌కు ఇతడు తాతగారి సోదరుడు. మూర్ హాల్ భవనం 1923లో, అంతర్యుద్ధ కాలంలో, తగులబెట్టబడింది. కనుక ఒక మూర్ కుటుంబం ఏ మూలానికి చెందినదో పేరును బట్టి చెప్పడం సాధ్యం కాదు. పూర్వీకుల ఊరు, చర్చి నమోదులు, భూమి పత్రాలు పరిశీలించవలసి ఉంటుంది.

ఇతర దేశాలలో

వలసల ద్వారా ఈ పేరు అమెరికా, ఆస్ట్రేలియా, కెనడాలకు చేరింది. అమెరికా 2010 జనాభా లెక్కలలో ఇది 18వ స్థానంలో ఉంది. అక్కడి ఆఫ్రికన్ అమెరికన్లలో కూడా ఈ ఇంటిపేరు గలవారు అధికం.

ఈ ఇంటిపేరు గల ప్రముఖులు

థామస్ మూర్ (1779-1852): డబ్లిన్‌లో జన్మించిన కవి. ఇతని తండ్రి కెర్రీ నుండి వచ్చినవాడు. 1817లో వెలువడిన ఇతని "లల్లా రూఖ్" కావ్యంలో నాయిక ఔరంగజేబు కుమార్తె.
జార్జి మూర్ (1852-1933): ఐరిష్ నవలా రచయిత.
జి. ఇ. మూర్ (1873-1958): ఆంగ్ల తత్త్వవేత్త.
హెన్రీ మూర్ (1898-1986): ఆంగ్ల శిల్పి.
బాబీ మూర్ (1941-1993): 1966 ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండు ఫుట్‌బాల్ జట్టు నాయకుడు.
గోర్డన్ మూర్ (1929-2023): ఇంటెల్ సహ వ్యవస్థాపకుడు. 1965లో ప్రతిపాదించిన "మూర్ సూత్రం" ఇతని పేరుతో ప్రసిద్ధి చెందింది.

ఇవి కూడా చూడండి

ఇంటిపేరు
ఐర్లండు చరిత్ర
ఐరిష్ భాష