వాడుకమాటలో యతిప్రాసలు

పద్యము పండితులదనియు, మాట అందరిదనియు లోకములో ఒక అభిప్రాయము కలదు. యతి యనిన, ప్రాస యనిన, బడిలో భయపడుచు వల్లించిన నియమములుగనే పెక్కుమందికి జ్ఞాపకము. అయితే ఆ నియమములు పండితుల గంటమున పుట్టి ప్రజల నాలుకపైకి వచ్చినవా? ప్రజల నాలుకపై పుట్టి పండితుల గంటమునకు ఎక్కినవా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు, గ్రంథాలయమునకంటె ముందు మనము కాటేదాన్ దాక పోయి వత్తము.

హైదరాబాదు నగరమునకు దక్షిణపు కొసన, మైలార్‌దేవ్‌పల్లికి చేరువనున్న పారిశ్రామికవాడ కాటేదాన్. ఉత్తరదేశమునుండి వచ్చిన పనివారును, చుట్టుపట్ల పల్లెల తెలుగువారును, పాతనగరపు ఉరుదూ మాటకారులును అక్కడ ఒకే బల్లమీద కూర్చుండి తేనీరు త్రాగుదురు. మేము ఆ వీధులలో చెవియొగ్గి నడచితిమి. యంత్రము గడగడలాడును, ఇనుపరేకులు దడదడమని దిగును, మరలు డబ్బాలో గలగలమనును, నూనె వేయని ఇరుసు కిర్రుమనును. వీనిని ధ్వన్యనుకరణములందురు. వస్తువు చేసిన చప్పుడునే భాష పేరుగా పెట్టుకొన్నది. తెలుగు ఇంతటితో ఆగక, చప్పుడులేని వెలుగునకు కూడ తళతళ, మిలమిల, ధగధగ యని చప్పుడు కల్పించినది. కంటికి కనబడినదానిని చెవికి అప్పగించిన భాష మనది.

ఆ బల్లయొద్దనే మరియొక విశేషము వినవచ్చినది. “చాయ గీయ తాగినవా?” యని తెలుగువాడు అడిగెను. “చాయ్ వాయ్” అని ఉరుదూ మాటకారి యనెను. ఇరువురును మాటను రెట్టించిరి. ఉరుదూ మాట ‘వ’కారమును తెచ్చుకొనగా, తెలుగు మాట ‘గి’కారమును తెచ్చుకొన్నది. పలక గిలక, పాలు గీలు, పప్పు గిప్పు - ఇవి యన్నియు ఈ తీరువే. ఇందు మొదటి యక్షరము మారినది, రెండవది మారలేదు. పద్యపాదములలో రెండవ యక్షరము ఒక్కటిగ నుండుటయే గదా ప్రాస! ప్రాసకు ముందున్న యక్షరము ఒక పాదమున గురువైన అన్నిట గురువే కావలయునని, లఘువైన అన్నిట లఘువే కావలయునని ఛందస్సు శాసించును. ‘పలక’కు ‘గిలక’ యనియు, ‘పాలు’కు ‘గీలు’ అనియు పలుకువాడు, గురులఘువుల పేరైన వినకయే, ఆ శాసనమును పాటించుచున్నాడు.

మన జంటమాటలను పరిశీలించినచో ఇది మరింత తేటపడును. ఇరుగు పొరుగు, కూలీ నాలీ, ఉప్పూ పప్పూ, ఆస్తీ పాస్తీ - ఇవి ప్రాసతో ముడిపడినవి. చెట్టూ చేమా, రాళ్ళూ రప్పలూ, వాగూ వంకా, చేనూ చెలకా - ఇవి యతితో ముడిపడినవి. సంస్కృతమున యతి యనగా విరామము. తెలుగున యతి యనగా అక్షరమైత్రి. పాదము మొదటి యక్షరముతో యతిస్థానమందలి యక్షరము హల్లునందును అచ్చునందును స్నేహము కలిగియుండవలయును. అచ్చులలో ‘అ ఆ’లు ఒక జట్టు, ‘ఇ ఈ ఎ ఏ’లు ఒక జట్టు, ‘ఉ ఊ ఒ ఓ’లు ఒక జట్టు. ‘పొలమూ పుట్రా’ అనునపుడు ఒకారమునకు ఉకారము చెల్లినది. ఈ చెల్లుబాటును రైతునకు నేర్పిన గురువెవరు?

ఇక చరిత్రకు వత్తము. క్రీ.శ. 848 ప్రాంతపుదని చెప్పబడు పండరంగని అద్దంకి శాసనమున తరువోజ పద్యము కలదు. 945 ప్రాంతమున, పంపకవి సోదరుడు జినవల్లభుడు కరీంనగరము చేరువ కుర్క్యాలలోని బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనమున తెలుగు కందములు కలవు. ఈ రెండును 11వ శతాబ్దివాడైన నన్నయభట్టుకు ముందటివే. వీనియందే యతిప్రాసలు కుదురుకొనియున్నవి. తమిళులు మొదటి యక్షరపు పొందికను మోనై యనియు, రెండవ యక్షరపు పొందికను ఎదుగై యనియు పిలుతురు; కన్నడ పద్యమునకును రెండవ యక్షరమే ప్రాసస్థానము. కావున ఇది ఒక పండితుని కల్పన గాక, దక్షిణదేశపు భాషలకు ఉమ్మడి సొత్తని తలంచుట న్యాయము.

ఈ సొత్తునకు పద్దు వ్రాసినవారిలో ప్రసిద్ధుని యూరు కాటేదాన్‌కు మిక్కిలి దూరము కాదు. శంషాబాదు మీదుగ షాద్‌నగరు వైపు సాగిన బాటకు ఆవల, నేటి కేశంపేట మండలమున కాకునూరు కలదు. కాకునూరి అప్పకవి యింటిపేరు ఆ యూరిదే. ఆయన 1656 ప్రాంతమున, నన్నయకృతమని తాను నమ్మిన ఆంధ్రశబ్దచింతామణిని తెనిగింప బూని, అప్పకవీయమును రచించెను. అందు మూడవ యాశ్వాసము యతిప్రాసలకే కేటాయింపబడినది. యతిభేదములను పదులకొలదిగ విభజించి, ఒక్కొక్కదానికి పూర్వకవుల ప్రయోగములను ఉదాహరించెను. చింతామణి నిజముగ నన్నయదియా కాదా యని తరువాతి పండితులు వాదించుకొనిరి. వాదము ఎటు తేలినను, అప్పకవి పోగుచేసిన యతిప్రాసలకు లోటులేదు. ఏలయన వానికి తుదిసాక్షి గ్రంథము కాదు, చెవి.

ఇక ఈ నేలపైనే వేరొక చెవియు పెరిగినది. 1580 మొదలు 1612 వరకు ఏలిన మహమ్మదు కులీ కుతుబ్‌షా దక్కనీ కవి. ఆ సంప్రదాయమున గజలునకు నాదము పాదాంతమున, కాఫియా రదీఫులలో, మ్రోగును. మనకు పాదము మొదట మ్రోగును. ఆంగ్లేయుల ప్రాచీనకావ్యమైన బేవుల్ఫ్ కూడ పదముల మొదటి ధ్వనుల పొందికమీదనే నడచినది; తరువాతి కాలమున వారి కవిత్వము పాదాంతమునకు మరలినది. కావున చెవి మారరానిది కాదు. ఎవరు ఏది వినుచు పెరిగిన వారికి అదియే ఇంపు.

మన ఆందోళనయు ఇక్కడనే. 1910లో గురజాడ ముత్యాలసరములు పాత కట్టుబాట్లను సడలించినవి. వచనకవిత వానిని విడిచినది. అందువలన నష్టమేమియు కలుగలేదు. జంటమాటల చప్పుడు చెవిలో నున్న కవులు నియమము లేకయే నాదమును పలికించిరి. కాని ‘చేనూ చెలకా’ యనుటకు చేను లేని యిండ్లలో, ‘ఇరుగు పొరుగు’ అనుటకు తలుపు తెరవని వీధులలో, ఆ మాటలు పిల్లల చెవిని పడుట యెట్లు? ఛందస్సును పుస్తకమునుండి మరల నేర్చుకొనవచ్చును. చెవిని పుస్తకమునుండి తెచ్చుకొనలేము.

కావున మా మనవి ఒక్కటి. రాత్రి భోజనమువేళ పెద్దలు మాటలాడుచుండగా, ఒక జంటమాట దొరలినపుడు పిల్లలను అడుగుడు: మొదటి యక్షరములు కలిసినవా, రెండవ యక్షరములు కలిసినవా? మొదటివి కలిసిన యతి, రెండవవి కలిసిన ప్రాస. పది దినములు ఇట్లు వినిన పిల్లవానికి అప్పకవి పరాయివాడు కాడు, పొరుగూరి పెద్దమనిషి.