బోర్గ్ చారల చొక్కా

ఉత్తర ఇటలీలో ఆల్ప్స్ కొండల అంచున బియెల్లా అనే ఊరుంది. ఉన్ని మిల్లులకు పేరుపడ్డ ఊరు. 1911లో మొదలైన ఫిలా కంపెనీదీ ఆ ప్రాంతమే. చాలాకాలం వాళ్లు అమ్మింది బనియన్లూ లోదుస్తులూ. టెన్నిస్‌లోకెల్లా అందమైన చొక్కా, నా కళ్లకైతే అదే, ఆ కంపెనీ నుంచి వచ్చింది. అందుకు దారి వేసినవాటిలో రంగుల టీవీ ఒకటి.

1967లో బీబీసీ వింబుల్డన్‌ను రంగుల్లో చూపించడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే ప్రొఫెషనల్ ఆటగాళ్లను పెద్ద టోర్నీల్లోకి రానిచ్చారు. జనం పెరిగారు, డబ్బు పెరిగింది. వింబుల్డన్ కోర్టులో మాత్రం ఇంకా అవే తెల్లబట్టలు. దుస్తుల్లో తెలుపే ఎక్కువ ఉండాలని 1963లోనే అక్కడ నిబంధన పెట్టారు. ఎంత ఉంటే ఎక్కువ అన్నదాంట్లో కాస్త సందు ఉంది.

1970ల మొదట్లో ఫిలా ఆటల దుస్తుల వైపు మళ్లినప్పుడు, డిజైనర్ పియర్ లుయీజీ రోలాండో ఆ సందును చక్కగా వాడుకున్నాడు. రంగును పెద్ద పట్టీలుగా కాకుండా సన్నని నిలువు గీతలుగా వేశాడు. గ్యాలరీలోంచి చూస్తే తెల్లచొక్కాయే. కెమెరా దగ్గరికి వెళ్తే పైనుంచి కిందిదాకా దారాల్లాంటి చారలు, ముదురు రంగు కాలరు, ఎదమీద చిన్న ‘ఎఫ్’ కనిపిస్తాయి. బట్టలోనూ నేర్పు ఉంది. బనియన్లు అల్లిన చేతులకు ఒంటిని అంటిపెట్టుకునే అల్లిక కొత్త కాదు. రిబ్ అల్లిక నూలు కాబట్టి సర్వీసుకు చెయ్యెత్తితే సాగుతుంది, దించితే మళ్లీ ఒంటికి సర్దుకుంటుంది.

ఆ చొక్కాకు తగ్గ మనిషి స్వీడన్‌లో దొరికాడు. బియాన్ బోర్గ్. భుజాలదాకా జుట్టు, దాన్ని ఆపే చారల హెడ్‌బ్యాండ్, వింబుల్డన్ జరిగినన్నాళ్లూ గీయని గడ్డం. గెలిచినా ఓడినా ముఖంలో ఏదీ బయటపడేది కాదు. అందుకే చూసేవాళ్ల కళ్లు ఆ ముఖం నుంచి బట్టల మీదికి వెళ్లేవని నా నమ్మకం. 1976 నుంచి 1980 దాకా వరసగా ఐదుసార్లు వింబుల్డన్ అతనిదే. చివరిసారి ఫైనల్లో జాన్ మెకన్రోతో నాలుగో సెట్ టైబ్రేక్ 34 పాయింట్లు సాగింది. 18-16తో అది మెకన్రో ఎగరేసుకుపోయాడు. ఆ టైబ్రేక్‌లోనే ఐదు మ్యాచ్ పాయింట్లు చేజారినా బోర్గ్ చెక్కుచెదరలేదు. ఐదో సెట్ 8-6తో గెలిచి మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆ ఫొటోల్లో చారల చొక్కా ఉంది. ఏ ప్రకటనా చెయ్యలేని పని అది చేసింది.

1983లో, 26 ఏళ్లకే, బోర్గ్ ఆట మానేశాడు. చొక్కా మాత్రం అప్పటికే టెన్నిస్ రాకెట్ పట్టనివాళ్ల దగ్గరికి చేరిపోయింది. లివర్‌పూల్ లాంటి ఊళ్ల ఫుట్‌బాల్ అభిమానులు జట్టు వెంట యూరప్ తిరిగి, అక్కడి ఖరీదైన ఆటల దుస్తులు వేసుకుని వచ్చేవారు. బోర్గ్ వేసుకున్న ఫిలా జాకెట్ స్టేడియం మెట్ల మీద హోదా అయింది. 2001లో వచ్చిన ‘ద రాయల్ టెనెన్‌బామ్స్’ సినిమాలో, ఆట వదిలేసిన టెన్నిస్ ఆటగాడి పాత్రకు అదే తరహా హెడ్‌బ్యాండ్ కట్టారు. 2007లో ఫిలా కొరియా వాళ్ల చేతికి వెళ్లింది. కొత్త యజమానులూ ఆ పాత చారలను వదల్లేదు. కుర్రకారు ఇప్పుడు వాటిని జీన్స్ మీద వేసుకుంటున్నారు.

వింబుల్డన్‌లో మాత్రం ఆ సందు మూసుకుపోయింది. 2014 నుంచి రంగు అంచు ఒక సెంటీమీటరు దాటకూడదు, డిజైన్‌లో కలిసిన రంగునూ నిండుగా పరిచిన రంగుగానే లెక్కకడతారు. అంటే బోర్గ్ ఐదు కప్పులు గెలిచిన కోర్టులోకి ఇవాళ ఆ చారల చొక్కాతో ఎవరూ దిగలేరు.