స్టెర్లింగు నిలువలు: ఋణదాతయైన భారతదేశము

అప్పు గొన్నవాఁడు ఇచ్చినవానికి లోఁబడియుండుట లోకసామాన్యము. ఇచ్చినవాఁడే పుచ్చుకొన్నవాని యనుమతికై వేచియుండుట యరుదు. 1939 మొదలు 1949 వఱకు భారతదేశమునకును బ్రిటనునకును నడచిన లావాదేవి యీ రెండవతెగకుఁ జేరినది.

యుద్ధారంభమున భారతప్రభుత్వము లండనునందు సుమారు 35 కోట్ల పౌండ్లు బాకీపడియుండెను. 1939 నవంబరులోఁ గుదిరిన యొడంబడిక యీ స్థితిని దలక్రిందు చేసెను. భారతసైన్యమును సముద్రము దాఁటించి వినియోగించిన వ్యయములోఁ జాలభాగమును, తనకొఱకుఁ గొన్న సరకుల వెలయును బ్రిటనే వహింపవలసివచ్చెను.

వహించిన విధము విచారణీయము. సిపాయికిని, వర్తకునికిని ఇచట రూపాయలే యీయవలెను. బ్రిటను లండనులో రిజర్వుబ్యాంకు పేరఁ బౌండ్లు జమకట్టెను. 1934 నాఁటి చట్టము స్టెర్లింగు పత్రముల యాధారమున నోట్లు ముద్రించుటకు వీలు కల్పించెను. కావున నచట జమ పెరిగినకొలఁది నిచట నోట్లు పెరిగెను. 1939లో సుమారు 180 కోట్ల రూపాయలుగా నున్న నోట్లు 1945 నాఁటికి 1,100 కోట్లను మించెను. సరకులు యుద్ధమునకుఁ బోయెను, నోట్లు దేశమున నిలిచెను, ధరలు హెచ్చెను. 1943 నాఁటి వంగక్షామమునకుఁ గారణములు పెక్కులు గలవు గాని, కూలివాని సంపాదన బియ్యపుధర నందుకొనఁజాలకపోవుట యందు ముఖ్యము. ఆ క్షామమున సుమారు 15 లక్షలమంది మరణించిరని విచారణసంఘము తేల్చఁగా, 30 లక్షలవఱకని తరువాతి పరిశోధకులు గణించిరి.

1946 నాఁటికిఁ బూర్వపు బాకీ చాలవఱకుఁ దీఱి, బ్రిటనే మనకు సుమారు 130 కోట్ల పౌండ్లు ఋణపడెను. ప్రజలు తమయిచ్చతోఁ గూడఁబెట్టిన ధనము గాదిది. తిండియు బట్టయుఁ దగ్గింపఁబడఁగా నేర్పడిన నిలువ. అయినను, అందుఁ గొంత మాఫీచేయవలెనని యాంగ్లేయులలోఁ గొందఱు వాదించిరి. 1944లో బ్రెట్టన్‌వుడ్సు సభయందు భారతప్రతినిధులు ఈ ప్రశ్నను లేవనెత్తిరి. రెండు ప్రభుత్వములే తేల్చుకొనవలసిన విషయమని సభ దానిఁ జేపట్టదయ్యెను.

1947 ఆగస్టు 14వ తేదీ యొడంబడికచే సుమారు 116 కోట్ల పౌండ్ల నిలువనుండి 3½ కోట్లు విడుదలచేసి, మిగిలినదానిలోఁ జాలభాగమును గదలకుండ నిలిపిరి. 1948 జూలైలోఁ బింఛనులకై సుమారు 16.8 కోట్లును, యుద్ధసామగ్రికై 10 కోట్లును అందుండియే మినహాయింపఁబడెను. 1949 సెప్టెంబరులోఁ బౌండు డాలరువిలువ నూటికి 30.5 వంతు తగ్గఁగా, రూపాయయు దాని ననుసరించెను. మన నిలువతో డాలరుదేశములలోఁ గొనఁగల యంత్రములు నంతమేరకుఁ దఱిగెను.

అప్పు ఏ నాణెమునందున్నది, ఆ నాణెపు విలువను నిర్ణయించువాఁడెవఁడు, లెక్కపుస్తక మెవరిచేత నున్నది యను మూఁడు ప్రశ్నలే ఋణదాత బలమును దేల్చును. ఈ మూఁటియందును బ్రిటనుదే పైచేయి. మిగిలిన నిలువ ద్వితీయప్రణాళిక యారంభమున యంత్రముల దిగుమతికై వేగముగాఁ గరఁగెను. 1958లో భారతదేశము ప్రపంచబ్యాంకు కూర్చిన రాజ్యమండలియెదుట మఱల ఋణార్థియై నిలిచెను. పండ్రెండేండ్లక్రిందట నది లోకమందలి గొప్ప ఋణదాతలలో నొకటి.