ఘటనల ప్రభావ మాపని (టర్కిష్ రూపం)

ఘటనల ప్రభావ మాపని అనేది భూకంపం, యుద్ధం, ప్రమాదం, దాడి వంటివి చవిచూసినవారిలో మిగిలిపోయే మానసిక వేదనను అంచనా వేసే ప్రశ్నావళి. సవరించిన రూపంలో 22 వాక్యాలుంటాయి. గడచిన ఏడు రోజుల్లో ఒక్కో లక్షణం తమను ఎంతగా బాధించిందో జవాబిచ్చేవారే 0 నుంచి 4 వరకు అంకె వేసి చెబుతారు. గరిష్ఠ మొత్తం 88. టర్కిష్‌లో దీని పేరు ‘ఒలయ్‌లరిన్ ఎట్కిసి ఓల్చెయి’. ఇది రోగ నిర్ధారణ చేయదు; వైద్యులు ఎవరిని నిశితంగా పరీక్షించాలో తేల్చే జల్లెడగా పనికొస్తుంది.

మూలం

1979లో అమెరికాలో మార్డి హోరోవిట్జ్, నాన్సీ విల్నర్, విలియం అల్వారెజ్ 15 వాక్యాలతో తొలి రూపాన్ని ప్రచురించారు. వద్దన్నా మనసులోకి చొరబడే జ్ఞాపకాలకు 7, ఆ జ్ఞాపకాలను తప్పించుకు తిరగడానికి 8 వాక్యాలు కేటాయించారు. మరుసటి ఏడాది అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రుగ్మతల వర్గీకరణలో గాయానంతర ఒత్తిడి రుగ్మతకు చోటిచ్చింది. ఆ రుగ్మతలో కనిపించే ఉలికిపాటు, చిరాకు, నిత్య అప్రమత్తత వంటి లక్షణాలు పాత మాపనిలో లేని లోటును 1997లో డేనియల్ వైస్, చార్లెస్ మార్మర్ తీర్చారు. అలా మూడో విభాగం చేరింది.

టర్కీ నేపథ్యం

1999 ఆగస్టు 17 తెల్లవారుజామున గోల్‌జుక్ పరిసరాలను కుదిపేసిన భూకంపంలో అధికారిక లెక్కల ప్రకారమే 17 వేల మందికి పైగా మరణించారు. నవంబరు 12న దూజ్జేలో మరో పెద్ద భూకంపం వచ్చింది. గుడారాల్లో, తాత్కాలిక ఇళ్లలో ఉన్న వేలమందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి మాట్లాడేంత మంది మానసిక వైద్యులు ఉండరు కనుక, త్వరగా నింపగలిగే ప్రశ్నావళులు అవసరమయ్యాయి. మెతిన్ బాషోలు బృందం భూకంప బాధితుల కోసమే రూపొందించిన జల్లెడ ప్రశ్నావళిపై అధ్యయనం 2001లో వెలువడింది. ఘటనల ప్రభావ మాపని టర్కిష్ రూపం సప్రమాణత, విశ్వసనీయతలపై ఆయ్‌తుల్ చొరప్చిఓలు, ఇల్హాన్ యార్గిచ్, పాకిజే గెయ్‌రాన్, నెషే కొజబాషోలు రాసిన వ్యాసం 2006లో వచ్చింది.

అనుసరణలో చిక్కులు

ఇలాంటి పనిలో సాధారణంగా రెండు భాషలూ తెలిసినవారు వాక్యాలను అనువదిస్తారు. మూలం చూడని మరొకరు వాటిని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. తేడా కనిపించినచోట దిద్దుతారు. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరించిన ఈ తిరుగు అనువాద పద్ధతి మాట తప్పును పట్టగలదు గాని, ఆ మాట వినగానే మనిషికి ఏం స్ఫురిస్తుందో చెప్పలేదు. భావాలు మొద్దుబారాయన్న వాక్యాన్ని ఒక భాషలో కాళ్లు, చేతుల తిమ్మిరిగా అర్థం చేసుకునే ప్రమాదముంది.

వ్యాకరణం కూడా అర్థాన్ని మార్చగలదు. టర్కిష్ క్రియకు ‘-ది’ చేరిస్తే స్వయంగా ఎరిగిన సంగతి. ‘-మిష్’ చేరిస్తే విన్నదో, ఆనవాళ్లను బట్టి ఊహించిందో అవుతుంది. తెలుగులో ‘ఏడ్చాను’, ‘ఏడ్చానట’ మధ్య ఉన్న తేడా వంటిదే ఇది. తన అనుభవానికి తానే సాక్షిగా జవాబివ్వాల్సిన ప్రశ్నావళిలో ఏ ప్రత్యయం వాడాలన్నది చిన్న విషయం కాదు.

వాక్యాలు కుదిరాక అంకెల పరీక్ష మొదలవుతుంది. ఒకే విభాగంలోని వాక్యాల మధ్య పొంతన కుదురుతోందా, వైద్యుల ముఖాముఖి నిర్ధారణతో మొత్తం సరిపోతోందా అన్నది చూస్తారు. ఎన్ని మార్కులు దాటితే అనుమానించాలో కూడా స్థానికంగానే తేల్చాలి. వేరే దేశపు గీతను యథాతథంగా తెచ్చుకోవడం కుదరదు.

తర్వాతి దశ

2013లో అమెరికన్ వర్గీకరణ మారి, రుగ్మత లక్షణాలు నాలుగు సమూహాలయ్యాయి. వాటికి అనుగుణమైన కొత్త ప్రశ్నావళులు టర్కిష్‌లోకీ వచ్చాయి. 2023 ఫిబ్రవరి 6న కహ్రమన్‌మరష్ కేంద్రంగా వచ్చిన భూకంపాలు టర్కీలో 50 వేల మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ ప్రాంతంలో కుర్దిష్ మాట్లాడేవారూ, అరబిక్ మాట్లాడే సిరియా శరణార్థులూ చాలామంది ఉన్నారు. టర్కిష్ రూపం సిద్ధంగా ఉన్నంత మాత్రాన వారందరి వేదనా దానికి అందదు. ఆయా భాషల్లో ఈ పనంతా మళ్లీ మొదటి వాక్యం నుంచే చేయాలి.