ముద్రణశాలలోని లౌడ్‌స్పీకరు

నందికొట్కూరులో రేడియో ముందు కూర్చుని పాటకచేరి వినువారికి తమ పెట్టెలోని లౌడ్‌స్పీకరు ఒక్కటే తెలియును. వారికంటె ముందే ఆ కచేరీని వినిపించిన లౌడ్‌స్పీకరు మరొకటి కలదు. అది స్టూడియో ప్రక్కగదిలో ఇంజనీరు ఎదుట ఉండును. దానినే మానిటరు అందురు.

1925కు పూర్వము గ్రామఫోను రికార్డుల తయారీలో ఇట్టి సాధనము లేదు. గాయకుడు పెద్ద బూరాలోనికి పాడేవాడు. ఆ కంపనములే సూదిని కదిల్చి మైనముపై గాడి గీసేవి. ఆ మైనమును అప్పుడే వాయించి చూచినచో గాడి చెడిపోయేది. 1925లో మైక్రోఫోనుతో, విద్యుత్ సహాయముతో ముద్రణ ఆరంభమైనది. అదే సంవత్సరము రైస్, కెల్లాగ్ అను అమెరికను ఇంజనీర్లు తీగచుట్ట కదలికతో పనిచేయు లౌడ్‌స్పీకరును ప్రకటించిరి. ఇక పాడుచుండగానే ప్రక్కగదిలో వినుటకు వీలు కలిగెను. వీలుతోపాటు ఒక చిక్కు కూడ వచ్చినది.

మానిటరు లోపము రికార్డులోనికి తలక్రిందులుగా ప్రవేశించును. మానిటరులో మంద్రధ్వనులు సరిగా పలుకవనుకొందము. మృదంగపు ఎడమవైపు నాదము చాలలేదని ఇంజనీరుకు తోచును, దానిని పెంచును. ఆ రికార్డునే మంచి లౌడ్‌స్పీకరుపై వాయించినచో మృదంగము గాత్రమును మ్రింగివేయును. మానిటరు తారధ్వనులను హెచ్చుగా పలికినచో ఇంజనీరు వానిని తగ్గించును. అప్పుడు నష్టపడునది తంబురా. వెడల్పైన వంపు గుర్రముపై ఆనిన తీగనుండి అనుస్వరములు పుష్కలముగా వెలువడునని సి.వి. రామన్ 1921లోనే వివరించెను. తీగ క్రింద దారము సరిచేసి విద్వాంసులు రాబట్టునది వీనినే.

ఆనాటి టేపుపై గాత్రము, వయొలిను, మృదంగము ఒకే బాటలో కలిసిపోయేవి. వానిని మచ్చలేకుండ విడదీయుట నేటికిని కష్టమే. గతించిన విద్వాంసుని మరల పాడించలేము గదా!

లండనులో బి.బి.సి. ఇంజనీర్లు స్టూడియోలోని వాద్యమును స్వయముగా విని, వెంటనే ప్రక్కగదిలో లౌడ్‌స్పీకరును విని పోల్చి చూచేవారు. 1970వ దశకములో వారు రూపొందించిన ఎల్.ఎస్. 3/5ఏ అను చిన్నపెట్టె ప్రసార బండ్లలో సైతము ఇమిడేది. గాత్రమునకు అది నమ్మదగినది. దాని మంద్రధ్వనుల శంకువు సుమారు 11 సెంటీమీటర్లే కనుక, మృదంగము విషయమున అంతగా నమ్మరాదు.

యమహా వారు 1978లో ఇండ్లకొరకు చేసిన ఎన్.ఎస్. 10 కథ మరింత వింత. దాని తారధ్వనులు కటువు. స్టూడియోలవారు ఆ భాగముపై పలుచని కాగితము అంటించి మరీ వాడుకొనిరి!

విద్యార్థులు ఒకే కచేరీని చిన్న రేడియోపై ఒకసారి, మంచి చెవిఫోనుపై ఒకసారి వినవలెను. తంబురా ఎందులో మాయమగునో, మృదంగము ఎందులో పెరుగునో వ్రాసికొని పోల్చవచ్చును.