కాబూల్ దారి తెగిపోయాక

1957లో లండన్‌లో బయల్దేరిన ‘ఇండియామన్’ అనే బస్సు ఖండాలు దాటుకుని కలకత్తా చేరింది. మరో పదేళ్లకు ఇంచుమించు ఆ దారే పడమటి దేశాల కుర్రకారుకు రాజబాట అయింది. ఇస్తాంబుల్, టెహరాన్, హెరాత్, కాబూల్, ఖైబర్ కనుమ, లాహోర్, ఢిల్లీ, కాఠ్మాండూ. కొందరు గోవాకు దిగేవారు. ఇస్తాంబుల్‌లో పుడ్డింగ్ షాప్ అనే హోటల్లో గోడకు చీటీలు అంటించి తోడు వెతుక్కునేవారు. కాబూల్‌లో చికెన్ స్ట్రీట్, కాఠ్మాండూలో ఫ్రీక్ స్ట్రీట్ వాళ్ల మజిలీలు. హిప్పీలని ఒక్క మాటతో తీసిపారేయడం మనకు అలవాటే గానీ, చౌక గది, ఊరి బస్సు, ఎదురొచ్చిన బాటసారి చెప్పిన సలహా, ఇలా నేటి బ్యాక్‌ప్యాకర్ నడిచే పద్ధతి చాలావరకు వాళ్లదే.

ఆ సలహాలే చివరికి పుస్తకమయ్యాయి. టోనీ, మౌరీన్ వీలర్ దంపతులు ఈ దారిన ఆసియా దాటి 1972 చివర్లో సిడ్నీ చేరేసరికి చేతిలో మిగిలింది 27 సెంట్లట. ఎలా వచ్చారని అడిగే వాళ్లు ఎక్కువయ్యేసరికి 1973లో ‘అక్రాస్ ఏసియా ఆన్ ది చీప్’ అనే పల్చటి పుస్తకం వేసి, తామే పిన్నులు కొట్టి అమ్మారు. గైడ్‌బుక్కుల సంస్థ లోన్లీ ప్లానెట్ అలా పుట్టింది.

మరి మనవాళ్లు? ఆ రోజుల్లో విదేశం వెళ్లే భారతీయుడికి దక్కే విదేశీ మారకం ఎనిమిది డాలర్లు! వాళ్ల కుర్రాడు చౌకగా బతుకుదామని మన దేశం వస్తుంటే, మన కుర్రాడికి గడప దాటే వీల్లేదు. బ్యాక్‌ప్యాకర్ల స్వేచ్ఛ గురించి ఎన్ని కబుర్లు చెప్పినా, ఎవరు ఎంత దూరం పోవాలో తేల్చేది పాస్‌పోర్టూ కరెన్సీయే.

1979లో ఇరాన్‌లో విప్లవం, ఆ ఏడాది చివర్లో అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు. దారి తెగింది. బ్యాక్‌ప్యాకర్లు తూర్పుకు మళ్లారు. ఒకప్పటి బియ్యం బజారు, బ్యాంకాక్‌లోని ఖావోసాన్ రోడ్డు, 80లలో గెస్ట్‌హౌస్‌లతో నిండిపోయింది. 90లలో వియత్నాం, కంబోడియా తలుపులు తీశాయి. ‘ది బీచ్’ సినిమాలో చూసి థాయ్‌లాండ్‌లోని మాయా బేకు ఎగబడిన జనానికి పగడపు దిబ్బలు పాడైపోతే, 2018లో థాయ్ ప్రభుత్వం దాన్ని మూసేసి 2022లో గానీ తెరవలేదు.

మనకు దారి పడింది ఆలస్యంగానే. 2004లో రిజర్వ్ బ్యాంక్ డబ్బు బయటికి పంపే నిబంధనలు సడలించింది. చౌక విమానాలొచ్చాయి. 2023 చివర్లో థాయ్‌లాండ్, మలేసియా మనకు వీసా అక్కర్లేదన్నాయి. ఈ సడలింపులు ఎప్పుడైనా మారొచ్చు కనుక టికెట్టు కొనేముందు ఆయా దేశాల అధికారిక సైట్లు చూసుకోవాలి.

1973లో కొత్తవాడి ప్రశ్న ఏ బస్సెక్కాలని. ఇప్పుడు అది ఫోనే చెబుతుంది. చిక్కంతా కాగితాల దగ్గరే. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుండాలి. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ అచ్చు తీసి దగ్గరుంచుకోవాలి. వారంలో నాలుగు దేశాలు చుట్టేద్దామనుకుంటే సగం కాలం బస్టాండ్లలోనే పోతుంది. ఒక దేశం, రెండు మూడు ఊళ్లు చాలు. లైసెన్సు లేకుండా స్కూటర్ అద్దెకు తీసుకుని పడితే బీమా కంపెనీ పైసా ఇవ్వదు. కంబోడియాలో డాలర్లు చెల్లుతాయి గానీ చిరిగిన నోటును ఎవరూ తీసుకోరు. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మ కట్టిచ్చిన మసాలా పొడిలో గసగసాలు ఉన్నాయేమో అడగండి. సింగపూర్‌లో వాటిపై కఠిన ఆంక్షలున్నాయి.