అసమసంధులు - జపాను సామ్రాజ్యోదయము

జపాను ఆధునికచరిత్రను రెండు భాగములుగా విడదీసి చెప్పుట అలవాటైనది. మొదటి భాగమున రైళ్లు, పాఠశాలలు, రాజ్యాంగము; రెండవ భాగమున సైన్యము, దండయాత్రలు. మొదటిది మెచ్చదగినదనియు, రెండవది 1930 తరువాత సేనానుల దురహంకారము వలన కలిగిన పెడత్రోవ యనియు ఈ విభజనకు తాత్పర్యము. సంవత్సరములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఇది నిలువదు. జపాను చేసికొన్న సంధుల చరిత్రయే ఇందుకు సాక్ష్యము.

1853 జూలైలో అమెరికా నౌకాధిపతి పెర్రీ నాలుగు యుద్ధనౌకలతో ఉరగా రేవు చెంత నిలిచెను. మరుసటి యేడు ఫిరంగుల నీడలోనే కనగవా సంధి జరిగెను. దానికంటె హానికరమైనది 1858 లో హారిస్ కుదిర్చిన వాణిజ్యసంధి. హాలెండు, రష్యా, బ్రిటను, ఫ్రాన్సు దేశములును ఆ యేటనే అట్టి సంధులను పొందినవి. జపాను గడ్డపై నేరము చేసిన విదేశీయుని విచారించు అధికారము వాని దేశపు కాన్సలుకే చెందెను. దిగుమతిసుంకమును నిర్ణయించుకొను స్వేచ్ఛయు జపానుకు లేకపోయెను. 1866 నాటి ఒడంబడికతో అది నూటికి 5 వంతున బిగింపబడెను. 1868 లో షోగును ప్రభుత్వమును కూలద్రోసి మెయిజీ చక్రవర్తి పేర అధికారమునకు వచ్చినవారికి ఈ సంధులను సవరింపజేయుట ముఖ్యకర్తవ్యమయ్యెను. 1871 లో బయలుదేరిన ఇవకురా రాయబారము అమెరికాను, ఐరోపాను చుట్టి 1873 లో తిరిగివచ్చెను. సవరణ లభింపలేదు. అయినను కర్మాగారములను, న్యాయస్థానములను, నౌకానిర్మాణశాలలను చూచి వచ్చిన ఆ పెద్దలు, బలమును, పాశ్చాత్యులు మెచ్చు చట్టములును లేనిదే సంధి మారదని గ్రహించిరి.

బలమునకు ధనము కావలెను. ఆ ధనములో అధికభాగము రైతు నుండి వచ్చెను. 1873 నాటి శాసనము భూమివిలువపై నూటికి 3 వంతులు శిస్తుగా రొక్కమున చెల్లింప విధించెను. పూర్వము పంటలో పాలు పెట్టెడివారు. పంట చెడిన యేడు కొంత వెసులుబాటుండెడిది. ఇప్పుడు ధాన్యపు ధర పడినను శిస్తు పడదు. 1876 లో రైతులు తిరుగబడిన పిమ్మటనే అది 2.5 వంతులకు తగ్గెను. ఆ 1873 లోనే నిర్బంధ సైనికసేవయు వచ్చెను. దానికి ముందు వెలువడిన ప్రకటనలో ‘రక్తపుపన్ను’ అను మాట యుండుటచే, నిజముగనే తమ నెత్తురు తీయుదురని పల్లెజనులు భయపడి అలజడి చేసిరి. వారి అమాయకత్వమునకు నవ్వుట సులభము. తరువాతి డెబ్బదియేండ్ల చరిత్ర నెరిగినవారికి అంత నవ్వు రాదు.

కొరియా విషయమున 1873 లో గొప్ప వివాదము చెలరేగెను. సైగో తకమోరి పక్షమువారు కఠినచర్యకు పట్టుపట్టగా, ఇవకురా, ఓకుబోలు అడ్డుపడి నెగ్గిరి. వీరిని శాంతికాముకులని పొరపడరాదు. ఖజానా చాలదు, అప్పులున్నవి, ఇంటిపని తీరలేదు - ఇదియే ఓకుబో వాదము. రెండేండ్లకే, 1875 సెప్టెంబరులో, ఉన్యో అను జపాను యుద్ధనౌక కంఘ్వా ద్వీపము చెంతకు పోయి, కోటనుండి కాల్పులు జరుగగా దానిని నెపముగా గొని ఎదురుకాల్పులు సాగించెను. 1876 ఫిబ్రవరిలో కురోదా కియొతక యుద్ధనౌకలతో వచ్చి సంధి వ్రాయించెను. కొరియా స్వతంత్రదేశమని దాని మొదటి నిబంధన. చైనా పలుకుబడినుండి దానిని విడదీయుటయే అందలి ఆంతర్యము. తరువాతి నిబంధనలు మనకు పరిచితములే: రేవులు తెరువవలెను, జపానీయుల నేరములను జపాను అధికారులే విచారింతురు. అనుబంధపు టొడంబడికలలో జపాను సరకులకు సుంకమే లేకపోయెను. పాశ్చాత్యులు జపానుకు 5 వంతులైనను మిగిల్చిరి! పెర్రీ వచ్చిన 23 ఏండ్లకే పాఠము ఇంత చక్కగా అప్పగింపబడెను. అప్పటికి జపాను తన సంధులనుండి విముక్తి పొందనేలేదు.

ఆ బంధము ఎంత బాధించెనో 1886 లో నార్మంటన్ అను బ్రిటిషు నౌక మునిగినపుడు వెల్లడియయ్యెను. కెప్టెనును ఐరోపా నావికులును పడవలలో బయటపడిరి. జపాను ప్రయాణికులందరును మునిగిపోయిరి. బ్రిటిషు కాన్సలు విచారణలో కెప్టెను నిర్దోషి యయ్యెను. దేశమంతట ఆగ్రహము రేగిన పిమ్మట జరిగిన మరొక విచారణలో మూడు నెలల చెరసాల మాత్రము పడెను. ఆ కోపము న్యాయమైనది. కాని ఆ దినములలోనే పూసాను రేవున కొరియావానికి ద్రోహము చేసిన జపానీయుడు జపాను కాన్సలు ఎదుటనే నిలుచుచుండెను.

1894 జూలై 16 న బ్రిటను, కాన్సలు న్యాయస్థానములను 1899 లో ఎత్తివేయుటకు సమ్మతించి లండనులో సంతకము చేసెను. జూలై 23 న జపాను సైనికులు సియోలులోని రాజభవనమును పట్టుకొనిరి. జూలై 25 న చైనా నౌకలతో పోరు మొదలయ్యెను. నడుమ తొమ్మిది దినములు!

1895 నాటి షిమొనొసెకి సంధితో తైవానును, 20 కోట్ల టేలుల వెండి విలువగల పరిహారమును జపానుకు దక్కినవి. రష్యా, జర్మనీ, ఫ్రాన్సుల ఒత్తిడికి లొంగి లియాఒతుంగు ద్వీపకల్పమును వదలుకొన్నందులకు మరి 3 కోట్లు చేరెను. ఇందు అధికభాగము సైన్యమునకును నౌకాబలమునకును వ్యయమయ్యెను. 1897 లో నాణెము బంగారపు ప్రమాణమునకు మారుటకు ఈ ధనమే ఆధారమయ్యెను. కొంత యవతా ఉక్కుకర్మాగారమునకు పోయెను. 1901 లో కొలిమి రాజుకొనిన ఆ కర్మాగారమునకు ఇనుపఖనిజము చైనాలోని దాయె గనులనుండి వచ్చెను. కొలిమి కట్టిన వెండియు, కొలిమిలో కరగిన రాయియు ఓడిన దేశమువే. ఇందు పరిశ్రమ యెక్కడ ముగిసినది, సామ్రాజ్యమెక్కడ మొదలైనది?

1905 లో రష్యాపై జపాను గెలుపు మనదేశమున కలిగించిన ఉత్సాహము సుప్రసిద్ధము. ఆసియా దేశమొకటి ఐరోపా సామ్రాజ్యము నోడించినదన్న సంతోషమును తప్పుపట్టనక్కరలేదు. ఆ జపాను విమానములే 1942 ఏప్రిల్ 6 న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేయునని ఎవరూహింపగలరు? పోర్ట్స్‌మత్ సంధిలో పరిహారధనము లభింపలేదని తెలిసి, యుద్ధపు పన్నులు మోసిన టోకియో ప్రజలు సెప్టెంబరు 5 న హిబియాలో తిరుగబడిరి. నవంబరు 17 న కొరియా జపాను సంరక్షణకు లోబడవలసి వచ్చెను. 1907 లో కొరియా చక్రవర్తి కొజోంగ్ హేగు సమావేశమునకు ముగ్గురు దూతలను పంపెను. వారికి ప్రవేశము దొరకలేదు. ఆయన సింహాసనమే పోయెను. 1910 ఆగస్టులో కొరియా జపానులో విలీనము చేయబడెను. 1911 లో, 1858 నుండి కోల్పోయిన సుంకస్వాతంత్ర్యము జపానుకు పూర్తిగా తిరిగి లభించెను.